ఇంట్లో వైఫై ఆగిపోతే



ఇవాళ మనం మాట్లాడుకోబోయేది ఊరగాయల గురించీ కాదు, పిల్లల పెంపకం గురించీ కాదు. ఇంట్లో కంప్యూటరుకు వైఫై అందకపోతే ఏమేం చూసుకోవాలి అన్న సంగతి. "అదంతా మనకెందుకండీ, సాయంత్రం ఆయన వచ్చి చూసుకుంటారు" అంటారేమో. ఆయన వచ్చేది ఏడింటికి. అబ్బాయి ఆన్‌లైన్ క్లాసు పదకొండింటికి. కోడలు ఇంట్లోంచే ఉద్యోగం చేస్తుంటే ఆమె మీటింగు పన్నెండింటికి. ఆ వేళప్పుడు ఇంట్లో తీరిగ్గా ఉన్నట్టు కనపడేది మనమే. నేను చదివింది పదో తరగతి. ఈ పనికి అంతకన్నా చదువు అక్కర్లేదని ధైర్యంగా చెప్పగలను.

కుళాయిలో నీళ్ళు రాకపోతే ఏం చేస్తాం? గోడ మీంచి పక్కింటావిణ్ణి "మీకొస్తున్నాయా?" అని అడుగుతాం. వీధి మొత్తానికి రాకపోతే అది మునిసిపాలిటీ వాళ్ళ సంగతి. మనకొక్కరికే రాకపోతే మన పైపు సంగతి. ఇదీ అంతే. బయటి నుంచి తీగ మీద రౌటరు పెట్టె దాకా వచ్చేది ఒక దారి. ఆ పెట్టె నుంచి గాలిలో కంప్యూటరు దాకా వచ్చేది ఇంకో దారి. ఏ దారి తెగిందో తెలిస్తే సగం పని అయినట్టే.

తెలుసుకోవటానికి మన చేతిలో సెల్‌ఫోను చాలు. అందులో మొబైల్ డేటా ఆపేసి, ఇంటి వైఫై మీదే ఏదైనా తెరిచి చూడండి. డేటా ఆపటం మాత్రం మరిచిపోకండి. లేకపోతే ఫోను చప్పుడు చెయ్యకుండా సిమ్ కార్డు మీదికి మారిపోయి, అంతా బాగానే ఉందని మనల్ని నమ్మిస్తుంది. ఫోనులో వస్తూ కంప్యూటరులో రాకపోతే చూడవలసింది కంప్యూటరును. రెండింట్లోనూ రాకపోతే పెట్టెనూ, బయటి తీగనూ.

పెట్టె సంగతి ముందు చూద్దాం. ఈ రోజుల్లో చాలా ఇళ్ళకు వచ్చేది ఫైబరు తీగ. అందులో ప్రవహించేది కరెంటు కాదు, కాంతి. లోపల వెంట్రుకంత గాజుపోగు ఉంటుంది. పెట్టె మీద 'ఎల్.ఓ.ఎస్.' అని ఉన్నచోట ఎర్రదీపం వెలిగినా, మిణుకుమిణుకుమన్నా ఆ కాంతి మన ఇంటికి చేరటం లేదని అర్థం. ఒక్కోసారి కారణం ఇంట్లోనే ఉంటుంది. బీరువా జరిపినప్పుడో, సోఫా వెనక ఊడ్చినప్పుడో తీగ గట్టిగా మడత పడితే కాంతి అక్కడే పోతుంది. మడత మెల్లగా సరిచేసి చూడండి. తీగ కొస ఊడదీసి లోపలికి తొంగి చూడటం మాత్రం వద్దు. అందులో వచ్చే కాంతి కంటికి కనపడదు గాని కంటికి మంచిది కాదు. ఎర్రదీపం పోకపోతే ఇక కంపెనీ వాళ్ళకు చెప్పవలసిందే, మనం కంప్యూటరుతో కుస్తీ పట్టి లాభం లేదు.

దీపాలన్నీ మామూలుగానే ఉండి ఏ ఫోనులోనూ రాకపోతే, పెట్టెకు స్విచ్చి ఆపి ఒక నిమిషం ఊరుకుని మళ్ళీ వెయ్యండి. దీపాలు కుదురుకోవటానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది, కంగారుపడి మళ్ళీ ఆపకండి. పెట్టె వెనకాల చిన్న కన్నంలో 'రీసెట్' అనే మీట ఉంటుంది. పిల్లలు పిన్నీసుతో దాన్ని పొడుస్తామంటారు, ఒప్పుకోకండి. అది పాస్‌వర్డ్‌నే కాదు, కంపెనీ మనిషి వచ్చి పెట్టిన వివరాలన్నిటినీ తుడిచేస్తుంది.

ఇక కంప్యూటరు. నాకు తెలిసిన ఒకావిడ ఇంట్లో ల్యాప్‌టాప్‌లో వైఫై పేర్లే కనపడటం మానేశాయి. కూతురి కాలేజీ దరఖాస్తుకు రెండు రోజులే గడువు. బజార్లో కొట్టుకు తీసుకువెడితే అతను ఇటూ అటూ నొక్కి, "ఫార్మాట్ కొట్టాలమ్మా" అన్నాడట. అంటే లోపలున్నదంతా చెరిపెయ్యటం! పోయిన అత్తగారి ఫోటోలు అందులోనే ఉన్నాయి, ఇంకెక్కడా లేవు. ఆవిడ సరేననకుండా ఇంటికి తెచ్చుకున్నారు గనక బతికిపోయారు. తీరా చూస్తే ఎవరి వేలో తగిలి 'ఎయిర్‌ప్లేన్ మోడ్' పడింది, అంతే. చాలా ల్యాప్‌టాప్‌ల పైవరస మీటల్లో ఒకదాని మీద విమానం బొమ్మో, స్తంభం లాంటి బొమ్మో ఉంటుంది. అది తగిలితే వైర్‌లెస్ మొత్తం మూగబోతుంది. విండోస్ 11 ఉన్న కంప్యూటరయితే తెర కింద కుడి మూల, గడియారం పక్కన, విసనకర్ర విప్పినట్టున్న గుర్తు చూడండి. దాని బదులు భూగోళం బొమ్మ ఉంటే నెట్ అందటం లేదన్నమాట. అక్కడ నొక్కితే వైఫై, విమానం మీటలు రెండూ కనపడతాయి.

ఇంట్లో ఎవరైనా పాస్‌వర్డ్ మార్చి ఉంటే కంప్యూటరు పాతదే పట్టుకు వేళ్ళాడుతుంది. ఆ పేరు దగ్గర 'ఫర్‌గెట్' నొక్కి, కొత్తది మళ్ళీ కొట్టండి. పెద్దక్షరం, చిన్నక్షరం తేడా ఉంటుంది సుమండీ.

వైఫై కలిసింది గాని 'నో ఇంటర్నెట్' అంటోంది, ఫోనులో మాత్రం వస్తోంది అనుకోండి. అప్పుడు వెతికే గడిలో 'సి.ఎం.డి.' అనే మూడక్షరాలు కొట్టి, తెరుచుకునే నల్ల తెరలో 'ఐపీకాన్ఫిగ్' అని ఇంగ్లీషులో కొట్టండి. వైఫై పేరు కింద 'ఐపీవీ4' అని ఉన్నచోట అంకెలు 192.168తో మొదలైతే చాలా ఇళ్ళలో అది మామూలే. 169.254తో మొదలైతే మాత్రం పెట్టె దీనికి చిరునామా ఇవ్వలేదనీ, ఇదే ఏదో ఒకటి తగిలించుకుందనీ అర్థం. చిరునామా లేని ఇంటికి ఉత్తరం ఎలా వస్తుంది? పెట్టెనూ కంప్యూటరునూ ఒకసారి ఆపి వేస్తే చాలావరకు సర్దుకుంటుంది.

పాత డెస్క్‌టాప్ ఉన్నవాళ్ళు తేదీ కూడా చూడండి. లోపల రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఉంటుంది, సి.ఆర్.2032 అంటారు. అది అయిపోతే కరెంటు తీసినప్పుడల్లా కంప్యూటరు ఏళ్ళ వెనక్కి వెళ్ళిపోతుంది. తేదీ తప్పయితే బ్యాంకుల సైట్లూ అవీ నమ్మకం లేదంటూ తెరుచుకోవు. వైఫైని తిట్టుకుంటాం గాని పాపం దాని తప్పేం లేదు.

వస్తూ పోతూ ఉండే వైఫై గురించి కాస్త వివరంగా చెప్పాలి. వైఫై అన్న పేరు 1999లో వచ్చింది గాని, అది మనకు ఎప్పటి నుంచో తెలిసిన రేడియో తరంగమే. విజయవాడ కేంద్రం 837 కిలోహెర్ట్జ్ అని విన్నాం కదా, అంటే సెకనుకు 8 లక్షల 37 వేల తరంగాలు. వైఫైలో ఒక రకానికి 240 కోట్లు, దాన్నే 2.4 గిగాహెర్ట్జ్ అంటారు. రేడియో తరంగం పొడుగు వందల మీటర్లు, దీనిది జానెడు కూడా లేదు, 12 సెంటీమీటర్ల పైచిలుకు. అందుకే అది ఊళ్ళు దాటుతుంది, ఇది మన స్టీలు బీరువా దాటలేదు. నిలువుటద్దం వెనకపూత, ఫ్రిజ్జు, నీళ్ళ డ్రమ్ము, చేపల తొట్టి అన్నీ దీనికి అడ్డమే. పైగా మైక్రోవేవ్ పొయ్యి నడిచేది కూడా 2.45 గిగాహెర్ట్జ్ మీదే. వంటింటి పక్కనే రౌటరుంటే, మీరు అన్నం వేడిచేసిన రెండు నిమిషాలూ అబ్బాయి క్లాసు ఆగి ఆగి వస్తుంది. టీవీ వెనక దాచిన పెట్టెను హాలు మధ్యగా, ఎత్తుగా పెట్టించండి. అందం కాస్త తగ్గినా పర్వాలేదు.

కొన్ని ఇళ్ళలో వైఫై పేరు రెండుసార్లు కనపడుతుంది, ఒకదాని చివర '5జి' అని ఉంటుంది. అది సిమ్ కార్డు 5జి కాదు, 5 గిగాహెర్ట్జ్ అని. వేగం ఎక్కువ, గోడలు దాటే శక్తి తక్కువ. కంప్యూటరు అవతలి గదిలో ఉంటే రెండోదాన్నే పట్టుకోండి. డెస్క్‌టాప్‌కు గుచ్చే చిన్న వైఫై బిళ్ళ ఉంటే దాన్ని ఇనప డబ్బా వెనక నుంచి ముందు వైపుకు మార్చండి.

ఏదీ కుదరనప్పుడు సెట్టింగులలో 'నెట్‌వర్క్ రీసెట్' ఉంది. ఫోటోలకేం కాదు, కాని దాచుకున్న వైఫై పాస్‌వర్డ్‌లు పోతాయి, కోడలి ఆఫీసు వీపీఎన్ కూడా మళ్ళీ పెట్టుకోవలసి రావచ్చు. ఆమెను అడిగి చెయ్యండి.

కంపెనీకి ఫోను చేసినప్పుడు "నెట్ రావట్లేదు" అని ఊరుకోకండి. ఏ దీపం ఏ రంగులో ఉందో, ఎన్నింటి నుంచో, ఫోనులో వస్తోందో లేదో చెప్పండి. అన్నట్టు, కనెక్షను సాధారణంగా ఆయన పేరునే ఉంటుంది, ఫిర్యాదు చేస్తే ఓటీపీ ఆయన ఫోనుకే వెళుతుంది, ఆయనేమో డ్యూటీలో ఉంటారు. రెండో నంబరుగా మీది కూడా రాయించమని అడగండి. కస్టమరు నంబరు కేలండరు వెనక రాసి ఉంచండి.