నీడకు ప్రాణము పోసినవాడు

కలపగుజ్జుతో చేసిన చౌకకాగితముపై అచ్చగు కథాపత్రికలను అమెరికావారు ‘పల్ప్’ పత్రికలనిరి. 1896లో ఫ్రాంక్ మన్సీ తన ‘ఆర్గసీ’ని కేవలము కథలతో నింపి ఆ ముతకకాగితముపై అచ్చువేయుటతో ఈ జాతి పుట్టినది. టార్జాన్, జోరో ఇందులోని వారే. జోరోను ఎఱుగనివారరుదు, 1919లో అతనిని సృష్టించిన జాన్‌స్టన్ మెకల్లీని ఎఱిగినవారెందఱు?

మేము రేడియోవారము గనుక, రేడియోలో పుట్టిన ఒక వీరుని గూర్చి కొంత విస్తరించి చెప్పెదము. 1930లో స్ట్రీట్ అండ్ స్మిత్ అను న్యూయార్కు ప్రచురణసంస్థ తన అపరాధపరిశోధక పత్రిక అమ్మకము కొఱకు రేడియోలో కథలు వినిపించెను. కథకు ముందు పలుకు కంఠమునకు ‘షాడో’, అనగా నీడ, అని పేరు. శ్రోతలు కథను విడిచి కంఠమును పట్టుకొనిరి! అంగళ్లకు పోయి ఆ నీడ పత్రికను ఇమ్మనిరి. అట్టి పత్రికయే లేదు. వ్యాపారులు ఊరకుందురా? 1931లో దానిని పుట్టించిరి.

వ్రాసినవాడు వాల్టర్ గిబ్సన్, ఇంద్రజాలవిద్య తెలిసినవాడు. అయినను అట్టపై పేరు ‘మాక్స్‌వెల్ గ్రాంట్’. ఇంద్రజాలసామగ్రి అమ్ము ఇద్దఱి పేర్లనుండి గిబ్సనే దానిని కూర్చెను గాని, అది సంస్థ సొత్తయినది. 1932లో పత్రిక పక్షమున కొకటిగా వెలువడజొచ్చెను. మొత్తము 325 నవలలలో 282 గిబ్సన్ వ్రాసినవే. 1946లో ఆయన తప్పుకొనగా బ్రూస్ ఇలియట్ వ్రాసెను. అట్టపై మాత్రము గ్రాంటుగారే నిలిచిరి. ఆ పేరు పెట్టుటలోని ఉపయోగము అదియే. ‘డాక్ సావేజ్’ నవలలలో అధికభాగము వ్రాసిన లెస్టర్ డెంటు గతియు ఇట్టిదే. ఆయన ‘కెన్నెత్ రాబ్సన్’ చాటున నుండెను.

గిబ్సన్ వీరుడు నల్లని అంగీతో చీకటిలో దాగువాడు. 1937లో ఆర్సన్ వెల్స్ కంఠముతో నాటకమై వచ్చినప్పుడు అంగీ ఎవరికి కనబడును? కావున రేడియోవారు అతనికి పరుల మనస్సును కప్పి అదృశ్యుడగు శక్తి నిచ్చిరి. ఈ మార్పు మాకు మిక్కిలి ముచ్చటైనది. చెవికి చీకటి చూపలేము గదా!

పత్రిక 1949లో ఆగినది. నాటకము 1954 వఱకు సాగినది. గిబ్సన్ 1985లో మరణించెను. ఆ చౌకకాగితము ఆమ్లమువలన పసుపువన్నెకు తిరిగి పెళుసగును. మిగిలిన ప్రతులను సేకర్తలు దాచుకొని, పుట విఱుగునేమోయని మెల్లగా త్రిప్పుచున్నారు.