అద్దంకి హైవే మీద సుఖోయ్: సిమ్యులేటర్ ఏం నేర్పుతుంది, ఏం నేర్పదు?

చీరాల నుంచి ఇంకో ఎపిసోడ్‌తో వచ్చేశాను. పోయిన ఎపిసోడ్ కింద కామెంట్స్‌లో మీరు చేసిన యుద్ధం చూశాను. డీసీఎస్ బ్యాచ్ ఒక పక్క, వార్ థండర్ బ్యాచ్ ఒక పక్క. "నీది బొమ్మల ఆట", "నీది బటన్లు నొక్కే ఉద్యోగం" అని ఒకటే తిట్టుకోవడం. సరే, ఇవాళ ఆ పంచాయితీ తేలుద్దాం. ఎక్కడో అమెరికా ఎయిర్‌బేస్ ఎందుకు, మన పక్కనే ఉన్న అద్దంకి హైవే మీద కూర్చుని తేలుద్దాం.

అసలు అక్కడ ఏం జరిగింది?

చీరాల నుంచి దాదాపు నేరుగా పడమటికి వెళ్తే అద్దంకి. అక్కడ 16వ నంబర్ జాతీయ రహదారి మీద, కొరిశపాడు, రేణింగవరం మధ్య, రోడ్డునే రన్‌వేగా కట్టారు. అత్యవసరంలో విమానాలు దిగడానికి. పొడవు 4.1 కిలోమీటర్లు, వెడల్పు 33 మీటర్లు, మొత్తం కాంక్రీట్. కట్టింది జాతీయ రహదారుల సంస్థ, కొలతలు ఇచ్చింది వాయుసేన. మొదట 2022 డిసెంబర్ 29న, మళ్ళీ 2024 మార్చి 18న అక్కడ ట్రయల్స్ జరిగాయి. రెండోసారి సుఖోయ్-30, హాక్ ఫైటర్లు వచ్చాయి, ఏఎన్-32, డోర్నియర్ రవాణా విమానాలు వచ్చాయి. రవాణా విమానాలు దిగి మళ్ళీ లేచాయి. ఫైటర్లు మాత్రం ఓవర్‌షూట్ చేశాయి.

ఓవర్‌షూట్ అంటే? దిగడానికి వచ్చినట్టే వచ్చి, రన్‌వే మీదుగా తక్కువ ఎత్తులో పోయి, మళ్ళీ పైకి లేచిపోవడం. వీడియోలు రాగానే కొందరు "చూశావా, దిగలేకపోయింది" అని పెట్టారు. అది తప్పండి. దిగడంలో కష్టమంతా చక్రాలు ఆనకముందే ఉంటుంది. లైన్ కుదరాలి, ఎత్తు కుదరాలి, స్పీడ్ కుదరాలి. ఆ మూడూ ఓవర్‌షూట్‌లోనే తెలిసిపోతాయి. సుఖోయ్‌లకి రోడ్డు కొత్త కూడా కాదు. 2017లో ఆగ్రా–లక్నో ఎక్స్‌ప్రెస్‌వే మీద అవి చక్రాలు ఆనించి లేచాయి. అంతకుముందు 2015లో మథుర దగ్గర యమునా ఎక్స్‌ప్రెస్‌వే మీద మిరాజ్-2000 దిగింది.

ఇప్పుడు లెక్కలు

ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీయండి. సుఖోయ్ కుటుంబం విమానం బరువుని బట్టి గంటకి సుమారు 270 కిలోమీటర్లతో అప్రోచ్‌కి వస్తుంది అనుకుందాం. అంటే సెకనుకి 75 మీటర్లు. అదే స్పీడ్‌లో పోతే 4.1 కిలోమీటర్ల రోడ్డు మొత్తం 55 సెకన్లలో అయిపోతుంది. ఒక రీల్ చూసినంత సేపు.

పొడవు సంగతి అలా ఉంచండి, అసలు పరీక్ష వెడల్పు. రోడ్డుకి సగం 16.5 మీటర్లు. మీరు సరిగ్గా మధ్య గీత మీదే ఉన్నారు, కానీ ముక్కు ఒకే ఒక్క డిగ్రీ పక్కకి తిరిగి ఉంది. సరిచేయకపోతే కిలోమీటరు పోయేసరికి ఎంత పక్కకి జరుగుతారు? 17 మీటర్లు. అంటే రోడ్డు దిగి పక్కన పొలంలో ఉంటారు. ఒక్క డిగ్రీకే! ఆ కిలోమీటరు పోవడానికి పట్టేది 13 సెకన్లు.

ఏఎన్-32 సంగతి ఇంకా బాగుంటుంది. దాని రెక్కలు ఈ చివర నుంచి ఆ చివరకి 29 మీటర్లు. రోడ్డు 33. అంటే రెక్క చివర నుంచి రోడ్డు అంచుకి రెండు పక్కలా రెండేసి మీటర్లు కూడా లేదు. చక్రాలు మధ్యలో ఉంటాయి, రెక్క పైన ఉంటుంది కాబట్టి సరిపోతుంది. ఆ పట్టీలో డివైడర్ గానీ లైటు స్తంభం గానీ ఉంటే కథ అయిపోయినట్టే.

ఇంకోటి కంటి మోసం. పెద్ద ఎయిర్‌పోర్టుల్లో రన్‌వే మామూలుగా 45 మీటర్ల వెడల్పు ఉంటుంది. ఆ వెడల్పుకి అలవాటు పడ్డ కన్ను ఇరుకు రన్‌వేని చూస్తే "ఇంకా చాలా పైన ఉన్నాను" అనుకుంటుంది. దాంతో తెలియకుండానే కిందికి దిగిపోతాం. పైలట్ల పాఠాల్లో ఇది గట్టిగా చెప్తారు. మీరు ఏ సిమ్యులేటర్‌లో అయినా ట్రై చేయండి. బాగా అలవాటైన రన్‌వే వదిలేసి, చిన్న ఇరుకు రన్‌వేకి వెళ్ళండి. మొదటి అప్రోచ్‌లో చాలామంది ముందే నేలకి తగిలేస్తారు. నాకు నచ్చేది ఇదే. మన కన్ను మనకే ఎలా అబద్ధం చెప్తుందో సిమ్యులేటర్ చూపిస్తుంది. ప్రాణం పోకుండా చూపిస్తుంది.

మన రోడ్డు ఏ గేమ్‌లో ఉంది?

మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌లో ప్రపంచమంతా ఉంది, వాడరేవు సముద్రం కూడా ఉంది, కానీ యుద్ధం లేదు. డీసీఎస్‌లో యుద్ధం ఉంది, మన ఊరు లేదు. సుఖోయ్-30 ఎంకేఐ కూడా అందులో అధికారిక మాడ్యూల్‌గా లేదు, దాని అన్న సు-27 ఉంది. డబ్బులు పెట్టకుండా మొదలుపెట్టాలంటే డీసీఎస్‌తో పాటు సు-25టీ ఉచితంగా వస్తుంది, కాకసస్ మ్యాప్ వస్తుంది. నేను చెప్పిన ఒక్క డిగ్రీ లెక్కకి అది చాలు.

పీసీ లేదా? వాయుసేన వాళ్ళే 2019 జూలైలో ఫోన్‌కి ఒక గేమ్ తెచ్చారు, "ఇండియన్ ఎయిర్ ఫోర్స్: ఏ కట్ అబవ్" అని. అది సిమ్యులేటర్ కాదు, ఆటే. కానీ విమానం ఎక్కువ తిప్పితే స్పీడ్ ఎందుకు పోతుందో కొంచెం ఆలోచించడానికి పనికొస్తుంది.

పంచాయితీ: ఏది నిజమైన సిమ్?

నేను సాఫ్ట్‌వేర్ చేసి వచ్చినవాణ్ణి కాబట్టి లోపల ఏం జరుగుతుందో చెప్తాను. ఫ్లైట్ మోడల్ అంటే మ్యాజిక్ కాదు. విమానం ఏ స్పీడ్‌లో, గాలికి ఏ కోణంలో ఉంటే ఎంత లిఫ్ట్, ఎంత డ్రాగ్ వస్తుంది అనే లెక్కలు ఉంటాయి. సెకనుకి ఎన్నోసార్లు ఆ బలాలన్నీ కూడి, విమానం తర్వాత ఎక్కడ ఉండాలో కంప్యూటర్ తేలుస్తుంది. డీసీఎస్ అయినా వార్ థండర్ అయినా పద్ధతి ఇదే. తేడా ఎక్కడ? ఆ లెక్కలు ఎంత లోతుగా ఉన్నాయి, మీ చేతికీ విమానానికీ మధ్య ఎవరు కూర్చున్నారు అనే దగ్గర.

వార్ థండర్‌లో మౌస్‌తో ఆడేటప్పుడు మీరు విమానం నడపట్లేదు. "అటు వెళ్ళాలి" అని వేలు చూపిస్తున్నారు. లోపల ఉన్న ఇన్‌స్ట్రక్టర్ అనే ప్రోగ్రామ్ స్టిక్, రడ్డర్ కదిపి తీసుకెళ్తుంది. డీసీఎస్ వాళ్ళు దీన్నే పట్టుకుని ఎక్కిరిస్తారు. కానీ ఒక మాట అడుగుతాను. నిజం సుఖోయ్‌లో పైలట్ నేరుగా రెక్కల్ని కదుపుతాడా? లేదు. సు-27 కుటుంబాన్ని కావాలనే కుదురు లేకుండా తయారు చేశారు, చురుగ్గా తిరగడానికి. మధ్యలో ఫ్లై-బై-వైర్ కంప్యూటర్ లేకపోతే మనిషి దాన్ని నిలబెట్టలేడు. కాబట్టి "కంప్యూటర్ సాయం ఉంటే రియలిస్టిక్ కాదు" అనే వాదన నిలబడదు.

మరి మిగ్-21? అందులో అలాంటి కంప్యూటర్ లేదు. 1963లో మన వాయుసేనలోకి వచ్చింది, 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో సెలవు తీసుకుంది. దాని డెల్టా రెక్కతో గట్టిగా మలుపు తిప్పితే మొదటి క్షణం భలే తిరుగుతుంది, వెంటనే స్పీడ్ కరిగిపోతుంది. డీసీఎస్‌లో మిగ్-21 బిస్ తీసుకుని రెండు మలుపులు తిప్పండి, స్పీడ్ మీటర్ పడిపోతుంటే గుండె జారిపోతుంది. డాగ్‌ఫైట్ అంటే గురిపెట్టడం కన్నా ముందు జమాఖర్చు. ఎత్తు, స్పీడ్ మీ బ్యాంక్ బ్యాలెన్స్. ప్రతి మలుపుకీ డబ్బు కడుతున్నారు. ఈ ఆలోచనని 1960ల్లో అమెరికా వాయుసేన మనిషి జాన్ బాయిడ్, థామస్ క్రిస్టీతో కలిసి లెక్కల్లో పెట్టాడు. ఇది మీకు అర్థమైతే మీరు ఏ గేమ్ ఆడినా నాకు అభ్యంతరం లేదు. అర్థం కాకపోతే కాక్‌పిట్‌లో మూడొందల స్విచ్‌లు తెలిసినా ఉపయోగం లేదు.

నా తీర్పు ఇదీ: స్విచ్‌లు నేర్చుకోవడానికి డీసీఎస్. గుంపులో పోరాటం రోజూ అలవాటవ్వాలంటే వార్ థండర్. రెంటిలో ఏదీ మిమ్మల్ని పైలట్‌ని చేయదు. ఇక తిట్టుకోవడం ఆపండి.

గేమ్ సాక్ష్యం కాదు

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నవ్వుకుంటూ చెప్పే విషయం కాదు. 2025 మే నెలలో, ఆపరేషన్ సిందూర్ రోజుల్లో, మన వాట్సాప్ గ్రూపుల్లో ఏం తిరిగిందో గుర్తుందా? గేమ్ క్లిప్పులు నిజం యుద్ధంలా తిరిగాయి. అవి వీడియో గేమ్‌వి అని పీఐబీ ఫ్యాక్ట్ చెక్ వాళ్ళు చెప్పాల్సి వచ్చింది. ఇది మనకే కాదు. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ మొదలైనప్పుడు "ఘోస్ట్ ఆఫ్ కీవ్" అని ప్రపంచం మొత్తం షేర్ చేసిన ఒక క్లిప్ డీసీఎస్‌లో చేసింది. ఆర్మా 3 తయారీదారులైతే అదే ఏడాది నవంబర్‌లో, మా గేమ్ వీడియోల్ని యుద్ధ వార్తలుగా వాడుతున్నారు అని ప్రకటన ఇచ్చుకున్నారు.

మనది మామూలు ప్రాంతం కాదు. బాపట్ల పక్కన సూర్యలంకలో వాయుసేన స్టేషన్ ఉంది. 2020 చివర్లో ఆకాశ్, ఇగ్లా క్షిపణుల్ని అక్కడే పేల్చి చూశారు. ఇలాంటి చోట ఒక దొంగ క్లిప్ "మన బీచ్ మీద దాడి" అని రాత్రి పదింటికి గ్రూపులోకి వస్తే ఏమవుతుంది? మా అమ్మమ్మ నిద్రపోదు. వేటకి వెళ్ళిన వాళ్ళ ఇళ్ళల్లో ఎవరూ నిద్రపోరు.

సిమ్ ఆడేవాళ్ళకి ఇవి తొందరగా దొరుకుతాయి. అదే మన బాధ్యత కూడా. మూడు చూడండి. ఒకటి, కెమెరా. నిజంగా ఫోన్‌తో తీస్తే చెయ్యి వణుకుతుంది, ఫోకస్ పోతుంది, విమానం ఫ్రేమ్‌లోంచి తప్పిపోతుంది. గేమ్‌లో కెమెరా విమానానికి అతికించినట్టు పోతుంది. రెండు, శబ్దం. శబ్దం కిలోమీటరు రావడానికి సుమారు మూడు సెకన్లు పడుతుంది. దూరంలో మెరుపు కనపడిన క్షణంలోనే "ఢాం" అని వినపడితే అనుమానించండి. మూడు, పొగ, నిప్పు. పది పేలుళ్ళూ ఒకే అచ్చులో పోసినట్టు ఉంటే అవి ఒకే ఎఫెక్ట్ ఫైల్. ఈ మూడింటిలోనూ పాసైందని నిజం అనుకోకండి. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ తీశారో తెలియకపోతే ఫార్వర్డ్ చేయొద్దు, అంతే.

అలాగే "గేమ్‌లో ఈ క్షిపణి ఆ విమానాన్ని కొట్టింది కాబట్టి నిజంలో కూడా" అనే వాదన. కొత్త క్షిపణి ఎంత దూరం పోతుంది, రాడార్ ఎంత దూరంలో పడుతుంది, జామర్ ఏం చేస్తుంది అనేవి రహస్యాలు. గేమ్ చేసేవాళ్ళు బయట దొరికిన సమాచారంతో అంచనా కడతారు. ఆ రహస్యాల కోసం వాదించుకునే 2021లో ఒకరు చాలెంజర్ 2 ట్యాంక్ మాన్యువల్ పేజీలు వార్ థండర్ చర్చలో పెట్టేశారు, కంపెనీ తీసేయాల్సి వచ్చింది. ఆటలో గెలవడానికి దేశ రహస్యం బయటపెట్టడం! సూర్యలంక దగ్గర, అద్దంకి దగ్గర ఏం కనపడినా లొకేషన్ పెట్టి స్టోరీ వేసే తమ్ముళ్ళూ, ఇది మీకు కూడా.

"అన్నా, సిమ్ ఆడితే పైలట్ అవుతానా?"

ఎక్కువ మంది అడిగేది ఇదే. సూటిగా చెప్తాను. ఫ్లయింగ్ బ్రాంచ్‌కి వెళ్ళేవాళ్ళకి సెలక్షన్ బోర్డులో సీపీఎస్‌ఎస్ అని కంప్యూటర్ పరీక్ష ఉంటుంది. మీటర్లు చదవాలి. చేత్తో జాయ్‌స్టిక్, కాళ్ళతో పెడల్స్ కదుపుతూ, మధ్యలో వచ్చే లైట్లకీ శబ్దాలకీ స్పందించాలి. జీవితంలో ఒక్కసారే అవకాశం. పోతే ఫ్లయింగ్ బ్రాంచ్‌కి మళ్ళీ రాయలేరు.

దీనికి సిమ్ సాయం చేస్తుందా? మీటర్లు చదివే అలవాటుకి కొంత చేస్తుంది. కానీ మౌస్‌తో ఆడే చేతికి, పెడల్ తెలియని కాలికి పెద్దగా రాదు. దాని కోసం అమ్మానాన్నల్ని వేధించి ఖరీదైన జాయ్‌స్టిక్ సెట్ కొనిపించకండి. ముందు టేపుతో ఎత్తు కొలుచుకోండి, 162.5 సెంటీమీటర్లు ఉండాలి. కాళ్ళ పొడవుకి కూడా కొలతలున్నాయి. కళ్ళు చూపించుకోండి. ఎన్‌డీఏ ద్వారా వాయుసేనకి వెళ్ళాలంటే ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ ఉండాలి. డిగ్రీ, బీటెక్ వాళ్ళకి ఏఎఫ్‌క్యాట్ ఉంది. చెల్లెళ్ళూ, మీరు కూడా. దేశంలో మొదటి ముగ్గురు మహిళా ఫైటర్ పైలట్లు అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ 2016 జూన్‌లో కమిషన్ తీసుకున్నది ఎక్కడో కాదు, హైదరాబాద్ పక్కన దుండిగల్‌లోనే.

నిజం విమానంలో మలుపు తిప్పితే రక్తం తలలోంచి కాళ్ళకి దిగుతుంది, చూపు మసకబారుతుంది. కుర్చీలో ఆ బరువు లేదు. అన్నిటికన్నా పెద్ద తేడా, అక్కడ రీస్టార్ట్ బటన్ లేదు. ఈ తేడా గుర్తుపెట్టుకుని ఆడితే సిమ్యులేటర్ మంచి పంతులు.

ఈ వారం మీకు హోంవర్క్: ఏ గేమ్ అయినా సరే, మధ్య గీత నుంచి ఒక్క డిగ్రీ తప్పకుండా వరసగా ఐదు ల్యాండింగ్‌లు. ఎన్ని కుదిరాయో కింద రాయండి, అబద్ధం వద్దు. వచ్చే ఎపిసోడ్‌లో తక్కువ ఖర్చుతో ఇంట్లోనే రడ్డర్ పెడల్స్ ఎలా చేసుకోవచ్చో చూద్దాం. నచ్చితే లైక్ కొట్టండి, గ్రూపులో దొంగ క్లిప్పులు పెట్టే మామయ్యకి ఈ లింక్ పంపండి. ఉంటానండి, బై.