ఉడుతల నిద్ర, పిల్లల చదువు

జీవశాస్త్రం చెప్పిన గురువు పేరిట జరిగే ఈ స్మారకోపన్యాసంలో మరో జీవశాస్త్రజ్ఞుడి పని గురించి మాట్లాడతాను. ఆయన అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు క్రెగ్ హెల్లర్.

ఆయన మొదట పట్టుకున్నది ఒంటి వేడిని. మెదడు అడుగున ఉండే హైపోథలామస్ దాన్ని అదుపు చేస్తుంది. 1976లో గ్లాట్జ్‌బాక్ అనే పరిశోధకుడితో కలిసి కంగారూ ఎలుకల్లో సరిగ్గా ఆ భాగాన్నే చల్లబరిచి, వేడెక్కించి చూశారు. మెలకువలో చల్లబరిస్తే జంతువు వేడి పుట్టించుకుంది. గాఢనిద్రలో ఆ స్పందన మందగించింది. కలలొచ్చే నిద్రలో అసలు లేదు. నిద్ర సుఖమెరగదంటారు మనవాళ్లు. కలల నిద్ర చలిని కూడా ఎరగదన్నమాట!

తర్వాత నేల ఉడుతల శీతనిద్ర. ఒళ్లు మంచులా చల్లబడి రోజుల తరబడి పడి ఉంటాయవి. ఆ చలిలో నాడీకణాల కొమ్మలు ముడుచుకుపోతాయి. ఒళ్లు మళ్లీ వేడెక్కిన కొద్ది గంటల్లోనే తిరిగి సాగుతాయి. 2006లో వచ్చిన ఈ పరిశోధనలో నాడీకణాల అతుకుల మీద పనిచేసే క్రెగ్ గార్నర్ కూడా ఉన్నారు. కథ డౌన్ సిండ్రోమ్ వైపు తిరిగింది గార్నర్ ప్రయోగశాలలోనే.

డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో 21వ క్రోమోజోము అదనంగా ఉంటుంది. అలాంటి లోపాలు చూపే ఎలుకల మెదడులో, జ్ఞాపకాలు కుదురుకునే చోట, నిరోధక సంకేతాలు మితిమీరి ఉంటాయి. 2007లో గార్నర్ బృందం ఆ ఎలుకలకు, ఆ సంకేతాలను తగ్గించే పెంటిలీన్‌టెట్రజోల్ అనే పాత మందును అతి కొద్ది మోతాదులో రెండు వారాలకు పైగా ఇచ్చింది. మందు ఆపిన రెండు నెలల తర్వాత కూడా వాటి జ్ఞాపకశక్తి మెరుగ్గానే ఉంది. తర్వాత హెల్లర్ బృందం గమనించింది నాకు ఇంకా విలువైనదిగా తోస్తుంది: ఎలుకలు నిద్రపోయే పగటివేళ ఇస్తేనే ఆ మందు పనిచేసింది. మేలుకుని తిరిగే రాత్రివేళ ఇస్తే ఫలితం లేదు.

2011లో ఇంకొకటి తేలింది. ఎలుకల నిద్రను మాటిమాటికీ క్షణకాలం చెదరగొట్టారు; మొత్తం నిద్ర మాత్రం తగ్గనివ్వలేదు. అయినా అవి ముందు చూసిన వస్తువును గుర్తుపట్టలేకపోయాయి. ఎన్ని గంటలు పడుకున్నామన్నది ఒక్కటే లెక్క కాదు, ఎంతసేపు ఎడతెగకుండా పడుకున్నామన్నదీ లెక్కే.

అంతమాత్రాన మందుల షాపుకు పరుగెత్తకండి. పెంటిలీన్‌టెట్రజోల్ మోతాదు మించితే మూర్ఛలు వస్తాయి. 1930లలో మానసిక రోగులకు దాన్ని ఇచ్చింది మూర్ఛ తెప్పించడానికే. నిరోధక సంకేతాలను తగ్గించడమనే అదే సూత్రం మీద రోష్ కంపెనీ తయారుచేసిన బాస్మిసానిల్ అనే మందు మనుషుల మీద ఫలించక, 2016లో ప్రయత్నం ఆగిపోయింది. ఎలుకలో గెలుపును పిల్లవాడి గెలుపుగా చెప్పడం తప్పు.

కానీ నిద్ర సంగతికి మందు కోసం ఎదురుచూడక్కర్లేదు. డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో చాలామందికి నిద్రలో శ్వాస అడ్డుపడి నిద్ర ముక్కలవుతుంది. గురక లేకపోయినా నాలుగేళ్లు నిండేలోగా నిద్ర పరీక్ష చేయించాలని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ సూచిస్తోంది. ఈ సభలో తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, వైద్యులు ఉన్నారు. బిడ్డకు చదువు రాదని తేల్చేముందు, రాత్రి ఎలా నిద్రపోతున్నాడో కనుక్కోండి.