కారవాన్ టైర్ల ఆయుర్దాయము

కారవాన్ అనగానే మన శ్రోతలకు షూటింగు జరిగే చోట నటీనటులు విశ్రమించే పెద్ద మోటారుబండి స్ఫురించవచ్చును. మేము ఇప్పుడు చెప్పబోయేది ఆ బండిని గురించి కాదు. బ్రిటనులో కుటుంబములు సెలవు దినములలో తమ కారు వెనుక తగిలించుకొని, సముద్రతీరములకో కొండప్రాంతములకో లాగుకొనిపోయే చక్రాల ఇల్లు ఒకటి వున్నది. దానికి ఇంజను లేదు. లోపల పడకలు, చిన్న వంటగది, నలుగురు కూర్చొనే బల్ల వుంటాయి. పిల్లల కథలు వ్రాసే గోర్డన్ స్టేబుల్స్ అనే మాజీ నౌకాదళ వైద్యుడు 1885లో బ్రిస్టల్ నగరమున అట్టి బండి నొకదానిని చేయించి, గుర్రములను కట్టి దేశసంచారము చేసినాడు. వినోదయాత్ర కొరకే కట్టిన తొలి కారవాను అదియేనని ప్రతీతి. దాని చక్రములకు గాలి టైర్ల బాధ లేదు. బెల్‌ఫాస్టులో డన్‌లప్ గాలి టైరుకు పేటెంటు పొందినది ఆ తరువాత మూడేండ్లకు, 1888లో. నేడు బ్రిటనులో స్థిరపడిన మన తెలుగువారిలో ఎవరైనా ఇట్టి బండి కొనదలచినచో, పడకలు, పొయ్యి చూచుటకు ముందు వంగి చక్రములను చూడవలెనని మా మనవి.

కారు టైరు సామాన్యముగా అరిగి పోతుంది. కారవాను టైరు ముదిసి పోతుంది. ఏడాదిలో నాలుగైదు వారములు తిరిగి, మిగిలిన కాలమంతా ఒకేచోట ఎండకు, వానకు నిలిచివుండే బండికి గ్రిప్పు అరుగుట ఎక్కడిది? ఎనిమిదేండ్ల తరువాత చూచినను గాడులు లోతుగానే కనిపిస్తాయి. యజమాని తృప్తిపడి బండి కదిలిస్తాడు. బ్రిటిషు చట్టము ప్రకారము గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదు. ఆ పరీక్షలో ఈ ముసలి టైరు సులభముగా నెగ్గుతుంది. పైగా అక్కడ కార్లకు వున్నట్లు కారవాన్లకు ఏటేటా జరిగే తప్పనిసరి తనిఖీ లేదు. యజమాని కన్ను తప్ప వేరొక కన్ను దానిపై పడదు.

రబ్బరు ఎందుకు ముదియును? కాగితముల కట్టకు వేసిన రబ్బరు బాండును కొన్నేండ్ల తరువాత సాగదీసి చూచినవారికి దీనిని వివరించనక్కరలేదు. గాలిలోని ప్రాణవాయువు, ఓజోను, సూర్యరశ్మి, ఈ మూడును రబ్బరును మెల్లమెల్లగా గట్టిపరచి పెళుసుబారజేస్తాయి. దీనిని అడ్డుటకు టైరు చేసేవారు రబ్బరులో కొన్ని మైనములను, రసాయనములను కలుపుతారు. చక్రము తిరుగుచు రబ్బరు వంగి లేచుచుండగా అవి పైకి వచ్చి ఒక పలుచని పొరగా ఏర్పడతాయి. కదలని టైరుకు ఆ రక్ష తగినంతగా అందదు. టైరు ప్రక్కభాగమున వెంట్రుకవంటి సన్నని బీటలు కనిపించినచో అది ఒక హెచ్చరిక. కాని బీటలు లేనంత మాత్రమున క్షేమమని తలచరాదు. లోపలి ఉక్కు తీగల పట్టీకి, రబ్బరుకు నడుమ వున్న పట్టు సడలుట బయటికి కనిపించదు.

ఇక బరువు మాట. 1,400 కిలోల కారు నాలుగు చక్రములపై నిలిచినచో ఒక్కొక్క చక్రము వంతు సుమారు 350 కిలోలు. అంతే బరువుగల కారవాను తరచుగా రెండు చక్రములమీదనే నిలుచును. కారు కొక్కెముపై పడే కొద్ది భాగమును తీసివేసినను, ఒక్కొక్క టైరు దాదాపు రెట్టింపు భారమును మోయుచున్నది. టైరు ప్రక్కన భారసూచిక అంకె వుంటుంది. 98 అని వున్నచో 750 కిలోల వరకు మోయగలదని అర్థము. కనుకనే కారవాను టైరుకు కారు టైరుకన్న ఎక్కువ గాలి పట్టించవలసి వచ్చును. ఎంత అన్నది ఊహించి చెప్పే విషయము కాదు. బండితోపాటు ఇచ్చిన పుస్తకములో వ్రాసియుంటుంది. బయలుదేరుటకు ముందు, టైరు చల్లగా వున్నప్పుడే కొలవవలెను. వేడిమి పది డిగ్రీలు మారినచో గాలి వత్తిడి చదరపు అంగుళమునకు సుమారు రెండు పౌనులు మారును. త్రోవలో టైరు వేడెక్కి గాలి ఎక్కువైనట్లు తోచినదని కొందరు తగ్గిస్తారు. ఇది చాల ప్రమాదకరమైన అలవాటు. గాలి తక్కువైన టైరు ప్రతి చుట్టునకు అధికముగా నలిగి, నలిగినకొలది వేడెక్కి, ఆ వేడికి పొరలు విడిపోతాయి. పేలిన టైరు ముక్కలు బండి అడుగును చీల్చగలవు. వెనుక బండి పాముమెలికలు తిరిగినచో ముందున్న కారును కూడ ఈడ్చుకొనిపోతుంది.

మరి ఎప్పుడు మార్చవలెను? ప్రతి టైరుపైనను డి.ఓ.టి. అను అక్షరములతో మొదలయ్యే వరుస చివర నాలుగంకెలు వుంటాయి. 2319 అని వున్నచో 2019వ సంవత్సరములో ఇరువదిమూడవ వారమున తయారైనదని తెలియవలెను. మూడంకెలే కనిపించినచో అది 2000కు పూర్వపు టైరు. ఇక ఆలోచన అనవసరము. అయిదేండ్లకు మార్చుట మేలనియు, ఏడేండ్లు దాటినది ఎంత క్రొత్తగా కనిపించినను వాడరాదనియు బ్రిటనులోని కారవాను సంఘములవారు చెబుతారు. వారిది అతిజాగ్రత్త అని కొందరికి తోచవచ్చును. మాకు అట్లు తోచదు.

2012 సెప్టెంబరులో వైట్ ద్వీపమునుండి సంగీతోత్సవము చూచి తిరిగివచ్చుచున్న ఒక బస్సు సర్రే జిల్లాలో హైండ్‌హెడ్ వద్ద చెట్టును ఢీకొన్నది. ముగ్గురు మరణించినారు. దాని ముందు టైరు పగిలినది. ఆ టైరు వయస్సు పందొమ్మిదేండ్లు దాటినది, బస్సు వయస్సుకన్న ఎక్కువ. అంత పాత టైరు వాడరాదని నాటి చట్టములో ఎక్కడను లేదు. మరణించిన యువకులలో ఒకరి తల్లి ఏండ్ల తరబడి పోరాడినది. 2021 ఫిబ్రవరి 1 నుండి, పదేండ్లు దాటిన టైర్లను బస్సుల, లారీల ముందు చక్రములకు వాడరాదని బ్రిటిషు ప్రభుత్వము నిషేధించినది. ఆ నిషేధము కారవాన్లకు వర్తించదు.

శీతకాలమున బండిని నిలిపివుంచేటప్పుడు చక్రములు ఊడదీసి, చీకటి చోట భద్రపరచి, బండిని స్టాండులపై నిలుపుట మంచిది. అది వీలుకానిచో చక్రములకు ఎండ తగులకుండ కప్పి, నెలకొకమారు కొద్దిగా ముందుకు జరిపినను చాలును. లేనిచో నేలకానిన చోటనే టైరు చదునుబారుతుంది. కొడుకులు, కోడండ్లు విదేశములలో వుండగా మన ఊళ్లలో ఇంటి షెడ్డులో ఏడాదిపాటు నిలిచిపోయిన కార్లకును ఈ మాట వర్తించును. పండుగకు వారు రాగానే గాలి కొట్టించి తిరుపతి ప్రయాణము కట్టుటకు ముందు ఆ నాలుగంకెలు చూడవలెను.

చివరగా స్టెప్నీ. మన డ్రైవర్లందరి నోట నానిన ఈ మాట బ్రిటను నుండి వచ్చినదే. వేల్సులోని లనేత్లీ పట్టణమున స్టెప్నీ వీధిలో 1904లో ఈ అదనపు చక్రము పుట్టినది. వాడలేదు గనుక క్రొత్తదేనని అందరును దానిని నమ్ముతారు. దాని వయస్సు మాత్రము తక్కినవాటితోపాటు గడచుచునే వుండును. కారవానులో అది తరచుగా బండి అడుగున చట్రములో బిగించి వుంటుంది. తేదీ అంకెలు టైరుకు ఒక ప్రక్కనే అచ్చువేసి వుండుట కద్దు. ఆ ప్రక్క పైకి తిరిగివున్నచో ఎవరో ఒకరు దీపము పట్టుకొని బండి క్రిందికి దూరవలసినదే.