మిలిటరీ చొక్కా, కోరేగావ్ స్తంభం

కడియం నర్సరీల్లో మొక్కలు మోసే మన కుర్రాళ్లు మిలిటరీ మచ్చల చొక్కాలేస్తున్నారు. వేసుకోండి, ఎవడొద్దంటాడు? కానీ ఆ వేషం వెనక మన కథ తెలుసుకోండి.

1818లో కోరేగావ్ యుద్ధంలో మహార్ సైనికులు ప్రాణాలిచ్చారు. అక్కడి స్తంభం మీద వాళ్ల పేర్లున్నాయి. అయినా 1890ల్లో తెల్లదొరలు మహార్లకి సైన్యం తలుపు మూసేశారు. అంబేద్కర్ తండ్రి రాంజీ సుబేదారు కులానికే ఆ గతి! 1927లో బాబాసాహెబ్ ఆ స్తంభం దగ్గరికెళ్లారు. ఆయన పట్టుబట్టాక 1941లో మహార్ రెజిమెంట్ వచ్చింది. దాని మొదటి టోపీ బిళ్ల మీద ఆ స్తంభమే!

ఇవాళ అదే బొమ్మ మన టీషర్టుల మీదుంది. బొమ్మ బజార్లో దొరుకుద్ది, హక్కు దొరకదు. వేసుకున్నోడు ఆ కథ పేటలో పదిమందికీ చెప్పాలి.

జై భీమ్!