రాగిరేకుల మీద రాజవంశం

నాందేడ్ జిల్లా కర్ఖేలి నుంచి ధర్మాబాదు మీదుగా వెళ్తే బాసర, అక్కడ గోదావరి దాటి ఇంకాస్త ముందుకెళ్తే బోధన్. వేములవాడ చాళుక్యుల తొలి రాజధాని ఈ బోధనే. ఆనాడు దాన్ని పోదన అనేవారు.

ఈ రాజుల వంశవృక్షానికి ముఖ్యమైన ఆధారం పర్భణీలో దొరికిన రాగిరేకులు. మూడో అరికేసరి 966లో, వేములవాడలో తండ్రి బద్దెగ కట్టించిన శుభధామ జినాలయం కోసం, జైనాచార్యుడు సోమదేవసూరికి ఒక గ్రామం దానమిచ్చాడు. ఆ దానపత్రంలోనే తాతముత్తాతల పేర్లు వరుసగా చెక్కించాడు. మొదటివాడు యుద్ధమల్లుడు, ఏనుగులను నూనె బావుల్లో స్నానం చేయించాడట! అతని తర్వాతి తరాల్లో మరో బద్దెగ, నలభై రెండు యుద్ధాలు గెలిచిన వీరుడు.

అయితే శాసన కవి పొగడ్తను చరిత్రగా తీసుకోవచ్చా? ఒక్క సాక్ష్యంతో కుదరదు. అదృష్టవశాత్తు రెండో అరికేసరి ఆస్థానకవి పంపడు 941 నాటి తన కన్నడ భారతంలో ఇదే వంశాన్ని వర్ణించాడు. వేములవాడ శాసనమూ ఉంది. మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడాల్సిందే.

వేంగి చాళుక్యులు చంద్రవంశీయులమన్నారు, వేములవాడ చాళుక్యులేమో సూర్యవంశమన్నారు. గొప్ప మూలపురుషుణ్ణి వెతుక్కోవడం దూరదేశాల్లోనూ ఉంది. తొమ్మిదో శతాబ్దంలో వేల్స్ రాజు కింగెన్, ముత్తాత ఎలిసెగ్ పేరిట శిలాస్తంభం నిలిపి, తన వంశాన్ని రోమన్ చక్రవర్తి మాక్సిమస్‌తో కలిపాడు. ఆ అక్షరాలు ఇప్పుడు అరిగిపోయాయి. 1696లో ఎడ్వర్డ్ లూయిడ్ రాసుకున్న నకలే మిగిలింది.

పర్భణీ రేకులు మాత్రం నేటికీ మాట్లాడుతున్నాయి.