కొండదారి, మన పిల్లలు

  ఆగస్టు 9 సభలో నాలుగు మాటలు చెప్పమని మమ్మల్ని అడిగారు. థింసా గురించి, మన పండగల గురించి మాకంటే బాగా చెప్పేవాళ్లు ఇక్కడ ఉన్నారు. మేము నడక గురించి చెప్తాం.

వార్డెన్లం, టీచర్లం కొందరం వీలు దొరికిన రెండో శనివారాల్లో కొండెక్కుతాం. దీన్ని ట్రెక్కింగ్ అంటారని ఈ మధ్యే తెలిసింది. మా చిన్నప్పుడు దీన్ని ఊరెళ్లడం అనేవాళ్లం.

మన పెద్దలకి నడకంటే పని. సంతకి చింతపండు, అడ్డాకులు, పసుపు కావిట్లో వేసుకుని చీకటుండగానే బయల్దేరేవారు. ఆనపబుర్రలో చోడి అంబలి. ఎంత దూరమని అడిగితే కిలోమీటర్లు చెప్పేవారు కాదు, ఒక చుట్ట కాలేంత దూరం అనేవారు. ఎక్కేటప్పుడు మాట్లాడొద్దనేవారు, దిగేటప్పుడు పరిగెత్తొద్దనేవారు. ఏ గెడ్డ ఏ నెలలో దాటొచ్చో, ఏ మలుపులో కావిడి దించుకోవచ్చో ఎవరూ కాగితం మీద రాయలేదు. పిల్లలు వెనకాల నడిచి నేర్చుకున్నారు.

ఈ దారుల తెలివి ఎంతటిదో మన చరిత్రే చెప్తుంది. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లి వెళ్లే రోడ్డు మీద మనం రోజూ బస్సులో పోతున్నాం. ఆ రోడ్డు పనికే బాస్టియన్ అనే డిప్యూటీ తహసీల్దారు మన తాతల చేత వెట్టి చేయించాడు. పోడు వద్దన్న అటవీ చట్టం ఒక పక్క, ఈ రోడ్డు ఇంకో పక్క. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. వరసగా మూడు రోజులు మూడు పోలీసు స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు దళం పడింది. మ్యాపు తీసి చూడండి, మధ్యలో ఎన్ని కొండలున్నాయో. జీపులు లేవు, తంతి లేదు, కాళ్లే ఉన్నాయి. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటీలో ముందు వచ్చిన సిపాయిల్ని పోనిచ్చి, వెనక వస్తున్న స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారుల్ని కాల్చారు. ఆ మలుపు తెలిసినవాళ్లు పక్కన లేకపోతే అది జరిగే పని కాదు. గాం గంటందొర, గాం మల్లుదొర లాంటివాళ్లు పక్కనుండబట్టే సాగింది. సినిమాల్లో రాజుగారు కనిపించినంతగా దారి చూపినవాళ్లు కనిపించరు. మల్లుదొర జైలు నుంచి బతికి వచ్చి 1952లో లోక్‌సభకి గెలిచారు. ఈ సంగతి మా పిల్లల్లో ఎంతమందికి తెలుసో, సభ అయ్యాక అడుగుతాం!

ఇప్పుడు అసలు విషయం. పిల్లలు మూడో తరగతిలో హాస్టల్‌కి వస్తారు. ఏడాదిలో పది నెలలు మా దగ్గరే. తొమ్మిదికి వచ్చేసరికి, బస్సు దిగాక ఇంకా నడవాలని చెప్పుకోడానికి సిగ్గుపడుతున్నారు. తమ ఊరికి ఆటో వస్తుందని ఒకమ్మాయి స్నేహితులకి చెప్పేది. రాదని మాకు తెలుసు, మేము మాట్లాడలేదు. ఒక శనివారం మాతో కొండకి వచ్చింది. గెడ్డ దగ్గర అందరం ఆగిపోయాం. ఆ పిల్ల చెప్పులు చేత్తో పట్టుకుని, "మేడం, ఆ నల్లరాయి మీద వెయ్యకండి, జారుద్ది. ఇలా రండి" అని ఒక్కొక్కరినీ దాటించింది. తిరిగొచ్చేటప్పుడు తన ఊరు ఏ కొండ వెనకుందో వేలుపెట్టి చూపించింది.

అలాగని నడక గొప్పదని పాట పాడటానికి మేము రాలేదు. చలికాలంలో లంబసింగి, వంజంగి వచ్చేవాళ్లు మంచు చూసి, ఈ గాలిలో రోజూ నడుస్తారు, మీరెంత అదృష్టవంతులో అంటారు. (వాళ్లు వదిలి వెళ్లే ప్లాస్టిక్ సీసాలు ఏరేది మా పిల్లలే.) నొప్పులొస్తున్న ఆడమనిషిని వెదురు బొంగుకి దుప్పటి కట్టి, భుజాలు మార్చుకుంటూ డోలీలో మోసుకొచ్చే అన్నదమ్ముల్ని అడగండి అదృష్టం గురించి. అది ట్రెక్కింగ్ కాదు. ప్రతి ఊరికీ రోడ్డు రావాలి, అంబులెన్సు గుమ్మం దాకా రావాలి. అర్జీ మీద ముందు సంతకం మాదే. కానీ రోడ్డు వచ్చిందని కాలిదారి పేరు మర్చిపోనక్కర్లేదు కదా.

నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామం నుంచి వచ్చిన మాలావత్ పూర్ణ మన గిరిజన బిడ్డ, గురుకులంలో చదువుకుంది. భువనగిరి రాతి గుట్ట మీద ఎక్కడం నేర్చుకుని, 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి వయసు 13 ఏళ్ల 11 నెలలు. తనతోపాటు ఆనంద్ కుమార్ కూడా ఎక్కాడు. పూర్ణ కథ చెప్పినప్పుడు పిల్లలు మమ్మల్ని అడిగింది ఒక్కటే: "ఆవిడ కూడా హాస్టల్ పిల్లేనా మేడం?" అవును, హాస్టల్ పిల్లే. అందరూ ఎవరెస్టు ఎక్కాలని మా ఉద్దేశం కాదు. ఊరికి నడిచి వెళ్లే పిల్ల ఎవరి ముందూ తల దించుకోకూడదు, అంతే.

తల్లిదండ్రులకి ఒక మనవి. దారిలో వచ్చే గెడ్డల పేర్లు, చెట్ల పేర్లు, దిగుళ్ల పేర్లు పిల్లల చేత రాయిస్తున్నాం. రెండు నోటుబుక్కులు నిండాయి. కొన్ని పేర్లు పిల్లలకి తెలియవు, మాకూ తెలియవు. ప్రతి ఊరి నుంచి ఒక తాతో అవ్వో మాతో ఒక పూట నడవాలి. బస్సు ఛార్జీ, అన్నం మేము చూసుకుంటాం.

వానలకి గెడ్డలు పొంగుతున్నాయి కాబట్టి ఇప్పుడు వెళ్లం. దసరా సెలవులయ్యాక వచ్చే రెండో శనివారం పొద్దున్న అయిదింటికి హాస్టల్ గేటు దగ్గర కలుద్దాం. తల్లిదండ్రుల సంతకం ఉన్న పిల్లల్నే తీసుకెళ్తాం. ఆ రోజు కూడా వాన పడితే గెడ్డ ఇవతలే కూర్చుని, తెచ్చుకున్నది తిని వెనక్కి వచ్చేస్తాం.